అద్దం వెనుక మరో మూడు మీటర్లు

ఇరుకు గదిలో ఒక గోడకు పెద్ద అద్దం బిగిస్తే గది నిజంగానే విశాలంగా కనబడుతుందా, లేక అది ఇంటీరియర్ డిజైనర్లు అలవాటుగా చెప్పే మాటేనా అని ఒక పాఠకుడు అడిగారు. లేత రంగులు కూడా గదిని పెద్దగా చూపుతాయంటారు, వాటి గురించి ఆయన అడగలేదు గాని, ఆ సంగతి ముందే ముగిస్తాను. 2010లో జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాలలో పైకప్పు రంగు లేతగా ఉన్నకొద్దీ గది ఎత్తుగా తోచింది, గోడల రంగు లేతగా ఉన్నా అంతే. పైకప్పుకూ గోడలకూ మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనబడాలన్న సలహాకు మాత్రం ఆధారం దొరకలేదు. సామాను తీసేస్తే గది పెద్దదవుతుందన్న నమ్మకం ఇంకా బలహీనమైనది. ఖాళీ గది సామానున్న గది కంటే చిన్నదిగా కనబడుతుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే రాశాడు.

ఇక అద్దం. మూడు మీటర్ల గదిలో ఒక గోడకు అద్దం ఉందనీ, దానికి రెండు మీటర్ల దూరంలో మనం కూర్చున్నామనీ అనుకుందాం. మన వెనుక గోడ ప్రతిబింబం అద్దం ఉపరితలం మీద ఉండదు. అద్దానికి మూడు మీటర్ల వెనుక, అంటే మన కంటికి అయిదు మీటర్ల దూరంలో ఉంటుంది. దీనిని మిథ్యా ప్రతిబింబం అంటారు గాని, కంటికి సంబంధించినంతవరకు అందులో మిథ్య ఏమీ లేదు. నాకు మైనస్ 2 కళ్లజోడు ఉంది, అంటే అది లేకుండా అర మీటరు దాటిన వస్తువులేవీ స్పష్టంగా కనబడవు. కళ్లజోడు తీసి అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో నిలబడితే అద్దం మీది ధూళి, 40 సెంటీమీటర్ల దూరాన ఉన్న నా ముఖం రెండూ స్పష్టంగానే ఉంటాయి, నా వెనుకనున్న తలుపు మాత్రం మసకబారిపోతుంది. అదే తలుపు ఫొటోను అద్దం ఉన్నచోట అంటించి ఉంటే గడియ మేకుతో సహా కనబడేది. తల కొంచెం పక్కకు జరిపితే ప్రతిబింబంలోని దగ్గరి కుర్చీ ఎక్కువగానూ దూరపు గోడ తక్కువగానూ కదులుతాయి. రెండు కళ్లకూ అందే దృశ్యాల మధ్య తేడా కూడా అయిదు మీటర్ల దూరానికి తగినట్టే ఉంటుంది. దూరాన్ని అంచనా వేయడానికి మెదడు వాడే ఈ ఆధారాలన్నీ అద్దం విషయంలో ఒకే సాక్ష్యం చెబుతాయి కనుకనే గోడకు అంటించిన అడవి పోస్టరు ఎంత పెద్దదైనా అద్దానికి సాటిరాదు.

అద్దం కుడిని ఎడమగా మారుస్తుందని బడిలో పార్శ్వ విలోమం పేరుతో చెప్పే పాఠం ఈ సంగతిని మరుగున పడేస్తుంది. అద్దం తారుమారు చేసేది ముందు వెనుకలనే, అంటే సరిగ్గా గదికి కావలసిన లోతునే.

ఎంత అద్దం కావాలన్నది సరూప త్రిభుజాల లెక్క. 60 సెంటీమీటర్ల వెడల్పున్న అద్దాన్ని రెండు మీటర్ల నుంచి ఒక కంటితో ఎదురుగా చూస్తే వెనుక గోడలో 1.5 మీటర్ల మేర కనబడుతుంది. అర మీటరు దూరానికి వస్తే ఆ లెక్క 4.2 మీటర్లకు చేరుతుంది, అంటే మూడు మీటర్ల గోడ మొత్తం అందులో ఇమిడిపోతుంది. కాబట్టి రాసుకునే బల్ల పక్కన పెట్టిన సన్నని అద్దం ఎదుటి గోడ మీది పెద్ద అద్దం కంటే ఎక్కువ పని చేయవచ్చు. కిటికీకి ఎదురుగా పెడితే లాభం మూడు మీటర్లతో ఆగదు, ఎందుకంటే కిటికీ అవతలి చెట్టు 40 మీటర్ల దూరంలో ఉంటే ఆ దూరమంతా అద్దం వెనుకకు చేరుతుంది. 1678లో మొదలై 1684లో పూర్తయిన, ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనపు అద్దాల మందిరంలో 357 అద్దాలను 17 కమానుల్లో అమర్చి, తోటవైపు తెరుచుకునే 17 కిటికీలకు ఎదురుగా నిలిపింది ఇందుకే కాబోలు. అద్దం వల్ల వెలుగు రెట్టింపవుతుందనే మాట మాత్రం నిజం కాదు. మంచి తెల్లగోడ కూడా తన మీద పడిన వెలుగులో అధికభాగాన్ని తిప్పి పంపుతుంది, కాకపోతే అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది.

ఎదురెదురుగా రెండు అద్దాలు పెడితే గది అనంతమవుతుందని కొందరి ఆశ. ప్రతి పరావర్తనంలో పదో వంతు వెలుగు పోతుందనుకుంటే పదోసారికి 35 శాతం, ఇరవయ్యోసారికి 12 శాతమే మిగులుతుంది. గాజులోని ఇనుము మలినం వల్ల ఆ మిగిలినది కూడా ఆకుపచ్చగా మారుతుంది. నేనైతే ఒక్క అద్దంతోనే ఆగి, శ్రద్ధంతా అది నేలను తాకే అంచు మీద పెడతాను.

అద్దానికి కింద చట్రం ఉంటే అది కిటికీలా కనబడుతుంది. నేలను తాకితే టైల్స్ మధ్య గీతలు తెగకుండా లోపలికి సాగిపోతాయి. అయితే 60 సెంటీమీటర్ల టైల్స్ పరిచిన గదిలో అద్దం దగ్గర పది సెంటీమీటర్ల ముక్క పడిందనుకోండి, ప్రతిబింబంతో కలిసి అది 20 సెంటీమీటర్ల ఇరుకు పట్టీగా తయారై గుట్టు బయటపెడుతుంది. టైల్ అక్కడ నిండుగా ముగిసేలా పరచాలి. అయిదు మిల్లీమీటర్ల గాజుకు వెలుగును తిప్పి పంపే పూత వెనుకవైపు ఉంటుంది కనుక నేలకూ దాని ప్రతిబింబానికీ మధ్య ఏడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా ఒక సందు కనబడుతుంది. టైల్ నిండుగా ముగిసినచోట చూసేవారు దానిని కూడా రెండు టైల్స్ మధ్య గీతగానే లెక్కవేసుకుంటారు.