బూడిదరంగు ఛాయలు, రెండోసారి లెక్క

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడైన బ్రయన్ నోసెక్, అక్కడే పరిశోధక విద్యార్థిగా ఉన్న మాట్ మోటిల్‌తో కలిసి ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెర మీద ఒక పదం ఏదో ఒక బూడిదరంగు ఛాయలో కనిపిస్తుంది. లేత నుంచి ముదురు దాకా పరచిన ఛాయల వరుసలో దానికి సరిగ్గా సరిపోయేదాన్ని చూసేవారు గుర్తించాలి. 1,979 మంది పాల్గొన్నారు. మధ్యేవాదులు ఛాయలను మెరుగ్గా పోల్చుకోగా, రాజకీయంగా ఇటో అటో తీవ్రంగా మొగ్గినవారు తడబడ్డారు. అతివాదుల కంటికి లోకం నిజంగానే నలుపూ తెలుపుగా కనిపిస్తుందన్నమాట! ఏ పత్రికైనా కళ్లకద్దుకుని అచ్చువేసే ఫలితమిది.

పత్రికకు పంపేముందు వారు అదే ప్రయోగాన్ని మరో 1,300 మందితో మళ్లీ చేశారు. మొదట కనిపించిన తేడా నిజమైనదే అయితే, ఈసారి కూడా అది బయటపడే అవకాశం నూటికి 99కి పైనే. బయటపడలేదు. అసలు తేడాయే లేకున్నా కేవలం యాదృచ్ఛికంగా అలాంటి ఫలితం రావడానికి ఉన్న అవకాశం మొదటిసారి లెక్కలో నూటికి 1 కాగా, రెండోసారి లెక్కలో 59. ఈ సంగతినంతా వారు 2012లో దాచకుండా రాశారు. అచ్చయిన వ్యాసాలను బట్టే ఉద్యోగాలు దొరికే రంగంలో, చేతికందిన ఫలితాన్ని ఇలా మళ్లీ తూకానికి పెట్టడం చిన్న విషయం కాదు.

నోసెక్ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త మహజరీన్ బనాజీ శిష్యుడు. సికింద్రాబాద్‌లో పుట్టి, నిజాం కళాశాలలోనూ ఉస్మానియాలోనూ చదివిన బనాజీ, ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తూ ఒక జంక్షన్‌లో రైలు దిగి, సామాజిక మనస్తత్వశాస్త్రపు 5 సంపుటాలు చౌకగా కొన్నారట; ఆమె ఈ దారి పట్టింది ఆ పుస్తకాల వల్లనే. మనకు తెలియకుండానే మనలో ఉండే పక్షపాతాలను కొలవడానికి ఆమె, మరో మనస్తత్వవేత్త ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, నోసెక్ కలిసి 1998లో ప్రాజెక్ట్ ఇంప్లిసిట్ మొదలుపెట్టారు.

2013లో నోసెక్, జెఫ్రీ స్పైస్‌తో కలిసి షార్లట్స్‌విల్‌లో, పరిశోధనలు పారదర్శకంగా జరగాలని పనిచేసే సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్‌ను స్థాపించారు. మనస్తత్వశాస్త్ర పత్రికలలో 2008లో అచ్చయిన 100 అధ్యయనాలను నోసెక్‌తో కలిసి 270 మంది పరిశోధకులు మళ్లీ చేసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. మొదట 97 శాతం అధ్యయనాలలో గణాంకపరంగా గుర్తించదగిన ప్రభావం కనిపించగా, మళ్లీ చేసినప్పుడు అది 36 శాతానికి పడిపోయింది. ప్రభావాల పరిమాణం కూడా సగటున సగానికి తగ్గింది. దీన్నిబట్టి మిగిలినవన్నీ తప్పులని తీర్మానించకూడదు: పాల్గొన్నవారూ, పరిస్థితులూ మారితే ఫలితం మారవచ్చు, రెండో ప్రయోగమే పొరబడి ఉండవచ్చు. అయితే డేటా చేతికొచ్చాక పది రకాలుగా లెక్కకట్టి, నచ్చినదాన్ని మాత్రమే చూపే అలవాటు కూడా ఇందులో ఒక కారణమని చాలామంది అంగీకరించారు. అందుకే ఎవరిని, ఎంతమందిని, ఏ లెక్కతో పరీక్షించబోతున్నామో ముందే తేదీతో సహా రాసిపెట్టే ప్రీ-రిజిస్ట్రేషన్ పద్ధతిని నోసెక్ బృందం ప్రచారం చేస్తూ వచ్చింది.

ఆ కొలబద్ద ఆయనకూ వర్తించింది. ఆయన సహరచయితగా ఉన్న, ఇలాంటి జాగ్రత్తలు పాటిస్తే ఫలితాలు చాలావరకు నిలబడతాయని చెప్పే వ్యాసాన్ని, 2023లో అచ్చువేసిన పత్రికే 2024 సెప్టెంబరులో ఉపసంహరించింది. విశ్లేషణలన్నీ ముందుగానే నమోదు చేసినవన్న మాట సరికాదని, ఇతర పరిశోధకులు ఆ ప్రాజెక్టు బహిరంగంగా ఉంచిన పత్రాలను తిరగేసి చూపించారు.