ఒక్క టేక్‌లో పాడేశారా? పాట రికార్డింగ్, రిలీజ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

చెన్నై సాలిగ్రామంలో మిక్సింగ్ పని నాది, అంటే రికార్డు చేసిన గొంతులను, వాయిద్యాలను కలిపి పాటగా సర్దడం. తమిళ పాటలు, వాటి తెలుగు వెర్షన్లు, అప్పుడప్పుడు సినిమాతో సంబంధం లేని విడి పాటలు. తెలుగు సినిమా ఎప్పుడో హైదరాబాద్‌కు మకాం మార్చినా పాటల పని ఇక్కడ ఇంకా బాగానే ఉంది. ఊరెళ్లినప్పుడు పెళ్లి భోజనాల దగ్గర నన్ను అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. జవాబులు ఒకచోట రాసిపెడితే లింకు పంపించి ప్రశాంతంగా భోంచేయొచ్చని ఈ పోస్టు.

అపోహ: పాత రోజుల్లో ఒక్క టేక్‌లో పాడేసేవారు.

సగం నిజం. ట్రాకులు విడివిడిగా తీసే వీలు లేని రోజుల్లో గాయకులు, వయొలిన్లు, తబలా అందరూ కలిసి ఒకేసారి వాయించాల్సిందే. చివరి చరణంలో ఫ్లూట్ తడబడినా మళ్లీ మొదటినుంచి. అందుకే గంటలకొద్దీ రిహార్సల్స్. మనం వింటున్నది ఒకే టేక్, ఒప్పుకుంటాను. అదే మొదటి టేక్ అని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పల్లవిని నాలుగైదు సార్లు పాడించుకుంటాం. ఒక టేక్‌లో ఎత్తుగడ బాగుంటుంది, ఇంకోదాంట్లో చివర గొంతు తిప్పిన తీరు. రెండూ కలిపి అతికిస్తాం. అతుకు ఎక్కడ వేయాలన్నదే అసలు విద్య. ఊపిరి తీసుకునేచోటో, ‘స’, ‘ష’ లాంటి అక్షరాల దగ్గరో వేస్తే వినేవాడికి తెలియదు. ‘ఆ’ అంటూ గొంతు సాగుతున్నచోట కోస్తే మాత్రం దొరికిపోతాం. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు శుభ్రం చేస్తున్నామనుకుని ఊపిరి శబ్దాలన్నీ తీసేస్తారు. అప్పుడు పాడింది మనిషేనా అని అనుమానం వస్తుంది. మళ్లీ అవన్నీ వెతికి తెచ్చి పెట్టాలి.

అపోహ: ఆటోట్యూన్ ఉంటే ఎవరైనా గాయకులే.

ఈ సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమి లోపలి ధ్వని తరంగాలను విశ్లేషించేవాడు. 1997లో ఆటోట్యూన్ మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా గాయని షేర్ పాడిన ‘బిలీవ్’లో దాన్ని దాచకుండా ఎఫెక్ట్‌గా వాడారు. అది సరిచేసేది శ్రుతిని. మన గమకం దాని కంటికి తప్పులా కనిపిస్తుంది. ఊరికే ఆన్ చేసి వదిలేస్తే ఊగాల్సిన స్వరాన్ని మెట్లు మెట్లుగా చేసేస్తుంది. అలాంటిచోట్ల ఒక్కో స్వరాన్ని చేత్తో సర్దాల్సిందే.

ఉచ్చారణ అసలే దాని పని కాదు. తమిళ గాయకులు తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. చూసుకోకపోతే ‘గాలి’ కాస్తా ‘కాలి’ అవుతుంది. కర్ణాటక సంగీతం పుస్తకాల్లోలాగా అక్షరం పక్కన 2, 3, 4 అని అంకెలు వేసుకుంటే గండం గడుస్తుంది. అప్పటికీ పక్కన ఒక తెలుగువాడు కూర్చుని ఒత్తులు చెబుతూనే ఉండాలి. మా స్టూడియోలో చాలాసార్లు ఆ తెలుగువాణ్ని నేనే. దానికి వేరే డబ్బులేం రావు లెండి.

అపోహ: స్టూడియో వీడియోలో కనిపించేదే అసలు రికార్డింగ్.

చేతినిండా గాజులతో మైకు ముందు ఊగుతున్నారంటే అది చాలావరకు తర్వాత తీసిన షూటింగే. నిజం రికార్డింగ్‌లో గాజులు తీయించేస్తాం. పట్టుచీర రాపిడి కూడా మైకులో పడుతుంది.

అపోహ: ‘కొలవెరి’లాగా సరదాగా పాడి నెట్‌లో పెడితే చాలు.

ఆ పాట నిమిషాల్లో పుట్టిందని చేసినవాళ్లే చెప్పారు. జనం అక్కడితో ఆగిపోతారు. ధనుష్ రాసి పాడిన పాట, సంగీత దర్శకుడు అనిరుధ్‌కు తొలి సినిమా. రఫ్ వెర్షన్ నెట్‌లోకి లీకైంది. ఆ తర్వాత 2011 నవంబర్ 16న సోనీ మ్యూజిక్ స్టూడియోలో తీసిన వీడియోతో అధికారికంగా విడుదల చేసింది. సినిమా ‘3’ వచ్చింది 2012 మార్చి 30న. అంటే పాట ఊరూరా తిరిగిన నాలుగు నెలలకు పైనే బొమ్మ పడింది. లీక్ కలిసొచ్చిన కేసుల్లో అదొకటి. కలిసిరానివి మన చెవిదాకా రావు కదా. అందుకే ఇప్పుడు రఫ్ పంపాల్సి వస్తే మధ్యమధ్యలో బీప్ వేసి పంపుతున్నాం.

అపోహ: రిలీజ్ అంటే యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేయడమే.

ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఉంటుంది. తమిళం, తెలుగు, కన్నడ, కరోకే దేనికది వేరే కోడ్. పొరపాటున ఒకే కోడ్ ఇస్తే ఏ పాట ఎన్నిసార్లు విన్నారన్న లెక్కలన్నీ కలగాపులగం. స్పాటిఫై ప్లేలిస్టు కోసం ప్రయత్నించాలంటే కనీసం వారం ముందే పాట వాళ్లకు చేరాలి. మా దగ్గరేమో ఫైనల్ మిక్స్ ముందురోజు రాత్రి ఓకే అవుతుంది. ఇక ఆ టెన్షన్ అడక్కండి.

2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకు శుక్రవారం అని పెట్టుకుంది. మనకు హీరోగారి పుట్టినరోజే శుక్రవారం. నిజంగానే శుక్రవారం వచ్చినా పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, బటన్ నొక్కేవాడుండడు.

అపోహ: సౌండ్ ఎంత పెంచితే అంత గట్టిగా వినిపిస్తుంది.

స్పాటిఫై మామూలుగా అన్ని పాటలనూ సుమారు -14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గరికి సర్దుతుంది. యూట్యూబ్ ఎక్కువైనదాన్ని తగ్గిస్తుంది. కాబట్టి గట్టిగా వినిపించాలని పాటను నలిపి పంపితే డ్రమ్ముల పస పోవడం తప్ప ఒరిగేదేం లేదు.

అపోహ: డబ్బులిచ్చాక పాట మొత్తం నిర్మాతదే.

రికార్డింగ్ మీద హక్కు మామూలుగా నిర్మాతదే, ఆయన అమ్మితే ఆడియో కంపెనీది. కానీ 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం తప్ప మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో గీత రచయితకు, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉంటుంది. దాన్ని నిర్మాతకు రాసిచ్చేసినా చెల్లదు. ఆ డబ్బు రాయల్టీలు వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థ ద్వారా వస్తుంది, సభ్యత్వం ఉంటేనే. కొత్తగా పాటలు రాస్తున్న తమ్ముళ్లు చాలామంది ఆ సభ్యత్వం ఫారం నింపరు. మిక్సింగ్ ఇంజినీరుకు ఈ రాయల్టీలో వాటా లేదు, కాబట్టి నా స్వార్థం ఏమీ లేకుండానే చెబుతున్నాను, నింపండి.

అపోహ: 30 సెకన్లలోపు వాడుకుంటే కాపీరైట్ రాదు.

అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు.