తుంటి విరిగినవాళ్లకు నొప్పి సూది: క్యాజువాలిటీ దాకా ఎందుకు రాలేదు?

తుంటి ఎముక విరిగి వచ్చిన ముసలివాళ్లకు గజ్జ దగ్గర వేసే నొప్పి సూది గురించి కర్నూలు డాక్టర్ల మధ్య వాదన మళ్లీ మొదలైంది. పేషెంటు రాగానే క్యాజువాలిటీలోనే వేసేద్దామని డ్యూటీ డాక్టర్లు అంటున్నారు. మత్తు డాక్టర్లు తప్ప ఇంకెవరూ దాని జోలికి పోకూడదని సీనియర్లు అంటున్నారు. పాత గొడవే, మనుషులు మారారంతే.

సూది పేరు నర్వ్ బ్లాక్. మెదడును మత్తులో ముంచదు. విరిగిన చోటి నుంచి నొప్పిని మోసుకెళ్లే నరాలను కొన్ని గంటలపాటు మొద్దుబారుస్తుంది. 1884లో కంట్లో వేసిన కొకైన్ చుక్కలతో మొదలుపెట్టి ఈ కథ చెప్పడం ఆనవాయితీ. అదంతా వదిలేస్తున్నా. ఇవాళ్టి గొడవకు పనికొచ్చేది 1989 నుంచే.

అంతకుముందు తొడ నరాన్ని మొద్దుబార్చాలంటే సూదితో ఆ నరాన్నే వెతుక్కుంటూ పోవాలి. దాన్ని ఆనుకునే పెద్ద రక్తనాళం ఉంటుంది. చెయ్యి తిరిగిన మత్తు డాక్టరు పని అది. ఫ్రాన్స్‌లో బెర్నార్ డాలెన్స్ అనే డాక్టరు పిల్లలకు బ్లాకులు వేస్తూ వేరే దారి కనిపెట్టాడు. నరం దగ్గరికే పోనక్కర్లేదు, ఆ నరాలన్నీ సాగే పొర కింద మందు వదిలితే చాలు, అదే పాకుతుంది అన్నాడు. తుంటి ముందు చేతికి తగిలే ఎముక మొన నుంచి, పొత్తికడుపు కింద మధ్యలో ఉండే జఘనాస్థి దాకా గీత ఊహించుకోవాలి. దాన్ని మూడు భాగాలు చేసి, బయటి భాగం ముగిసేచోట, ఓ సెంటీమీటరు కిందకి, మొద్దు మొన ఉన్న సూది దించాలి. ఒక పొర 'టప్'మంటుంది. ఇంకాస్త దించితే రెండోది 'టప్'మంటుంది. అక్కడ ఆగి, వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకుని మందు వదలాలి. రక్తనాళం, నరం రెండూ దూరంగానే ఉంటాయి. స్కానింగ్ మిషన్ అవసరం లేదు.

నా లెక్కలో అసలు మలుపు ఇదే. నరం పక్కన చేసే పని కాస్తా పొర కింద చేసే పని అయింది. అంటే నేర్పితే వచ్చే పని అయింది.

పెద్దవాళ్ల తుంటికి ఇది ఎంత పనికొస్తుందో 2007లో కోపెన్‌హాగన్ డాక్టర్లు 48 మంది మీద చూశారు. సగం మందికి కండకు మార్ఫిన్, సగం మందికి బ్లాక్. బ్లాక్ వేసినవాళ్లకు నొప్పి తక్కువ, మగత కూడా తక్కువ. 2020లో కాక్రేన్ సంస్థ 49 అధ్యయనాలను, 3,061 మంది పేషెంట్లను కలిపి లెక్క వేసింది. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తే, కదిలించినప్పటి నొప్పి అరగంటలోపే దాదాపు రెండున్నర మార్కులు తగ్గింది. మతి తప్పడం మూడో వంతు తగ్గింది.

మతి తప్పడం దగ్గర కాస్త ఆగాలి. ఆస్పత్రిలో పడుకున్న మూడో రాత్రి పెద్దాయన గోడతో మాట్లాడితే మనం వయసనో, గాలి సోకిందనో అనుకుంటాం. అమెరికాలో 541 మంది తుంటి పేషెంట్లను గమనించి 2003లో వెలువరించిన అధ్యయనం వేరే మాట చెప్పింది: మతి తప్పినవాళ్లలో నొప్పి మందు సరిగా అందనివాళ్లే ఎక్కువ. నొప్పి కూడా మతి తప్పిస్తుంది.

మా జేజికి అదే జరిగింది. పత్తికొండ దగ్గర ఊర్లో, తడిసిన బేతంచెర్ల బండల మీద జారి పడింది. పుత్తూరు కట్టుకు పోదామా, కర్నూలు పోదామా అని ఇంట్లో ఒక పూట తర్జనభర్జన. చివరికి కర్నూలులో ఒక ఆస్పత్రి. ఎక్స్-రే బల్ల మీదికి మార్చడానికి నలుగురు దుప్పటి కొసలు పట్టుకుని ఎత్తారు. జేజి కొంగు నోట్లో కుక్కుకుంది. వార్డులో కాలికి పట్టీ వేసి, మంచం చివర కప్పీ మీదుగా తాడుకు ఇటుక వేలాడదీశారు. ట్రాక్షన్ అన్నారు. ఆపరేషన్‌కు ముందు అలా బరువు కడితే నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం లేదని కాక్రేన్ ఎప్పుడో తేల్చింది. ఇటుక మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. నొప్పికి పూటకో డైక్లోఫెనాక్. "ఓర్చుకో అవ్వా, రేపో ఎల్లుండో ఆపరేషన్" అని నర్సమ్మ. మూడో రాత్రి నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన తన తమ్ముడి పేరు పెట్టి పిలిచింది.

నాలుగో రోజు థియేటర్లో, నడుముకు మత్తు ఇవ్వడానికి కూర్చోబెట్టే ముందు, గజ్జ దగ్గర ఈ సూది వేశారట. ఇరవై నిమిషాలాగి కూర్చోబెడితే అరవలేదట. "అయిపాయనా నాయనా ఆపరేషను?" అని అడిగిందని మత్తు డాక్టరే తర్వాత నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. సూది ఉంది, మందు ఉంది, వేసే మనిషీ ఉన్నాడు. మూడు రోజులు ఆలస్యంగా వచ్చాయంతే.

అదొక్క ఆస్పత్రి తీరు అనుకున్నా అప్పట్లో. కాదు. ఆపరేషన్ బల్ల మీద కూర్చోబెట్టే ముందు ఏ బ్లాక్ మేలు అనేదాని మీద మన దేశంలో పరిశోధనా పత్రాలు కుప్పలుగా ఉన్నాయి. క్యాజువాలిటీ గుమ్మంలో వేయడం గురించి అంత లేవు. బ్లాక్ మన దగ్గరికి వచ్చింది, కానీ ఆపరేషన్‌కు సాయంగా వచ్చింది.

దీనికి స్కానింగ్ మిషన్ ఒక కారణం. అల్ట్రాసౌండ్‌లో పొరను కళ్లారా చూస్తూ సూది దించడం మొదలయ్యాక 'టప్' పద్ధతి నాటు పద్ధతి అయిపోయింది. మిషన్ గెలుపు ఉత్తదేం కాదు. 2008లో వచ్చిన ఒక పోలికలో తొడ ముందు, లోపల, బయట మూడు వైపులా తిమ్మిరెక్కింది మిషన్‌తో 82 శాతం మందికి, చేతి అంచనాతో 47 శాతం మందికి. 2018లో టొరంటో నుంచి వచ్చిన పెంగ్ అనే ఇంకోరకం తుంటి బ్లాక్‌కైతే మిషన్ ఉండి తీరాలి.

మన దేశంలో స్కానింగ్ మిషన్ అనగానే అడ్డొచ్చేది పిసిపిఎన్‌డిటి, అంటే లింగ నిర్ధారణ నిషేధ చట్టం. ఆడపిండాలను కడుపులోనే చంపేస్తున్నారని 1994లో తెచ్చిన చట్టం అది, దాన్ని తప్పుబట్టేవాళ్లు ఎవరూ లేరు. కానీ గర్భంతో సంబంధం లేని పనికి వాడినా ప్రతి స్కానింగ్ మిషన్‌నూ రిజిస్టర్ చేయాలి, లేదంటే సీజ్. 2012లో పోర్టబుల్ మిషన్ల మీద నిబంధనలు ఇంకా బిగించారు. దాంతో మిషన్ రేడియాలజీ గదిలోనో థియేటర్లోనో తాళం వెనక ఉండిపోయింది. రాత్రి పదకొండుకు 108లో దిగిన ముసలామె కోసం దాన్ని ఎవరు తెస్తారు? మిషన్ లేనిదే బ్లాక్ వద్దన్నాక, మిషన్ లేని చోట బ్లాకే లేకుండా పోయింది.

విదేశాల్లో ఈ సూది మార్ఫిన్ వాడకాన్ని తగ్గించడానికి వచ్చింది. మనకు తగ్గించుకోవడానికి మార్ఫిన్ ఎక్కడిది? 1985 నాటి ఎన్‌డిపిఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం లైసెన్సుల భయంతో చాలా ఆస్పత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో సవరించినా ఆ భయం పోలేదు. 2018లో ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా అదే చట్టం కిందికి వెళ్లింది. మిగిలింది డైక్లోఫెనాక్ లాంటివి. తుంటి విరిగిన వృద్ధులకు అవి వద్దని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ మార్గదర్శకాలు 2011లోనే చెప్పాయి. ఆ వయసులో కిడ్నీలు తట్టుకోవు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదటి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కట్టు కట్టించుకుని మంచాన పడే ముసలివాళ్లను ఆపరేషన్ దాకా తెచ్చిన ఘనత దానిదే. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది గానీ ప్యాకేజీలు మాత్రం ఆపరేషన్ల చుట్టూ అల్లినవే. ఎదురుచూసే రోజుల నొప్పి ఎవరి ఖాతా?

మత్తు డాక్టర్ల భయానికీ కారణం ఉంది. మా జేజి లాంటి నలభై కిలోల మనిషికి నరాన్ని మొద్దుబార్చే మందు బుపివకెయిన్ 0.25 శాతంది 30 మిల్లీలీటర్లు ఇస్తే 75 మిల్లీగ్రాములు. కిలోకు 2 చొప్పున హద్దు 80. బరువు కళ్లతో అంచనా వేసే చోట ఆ అయిదు మిల్లీగ్రాములు ఏపాటి? మందు రక్తంలోకి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగొచ్చు. అప్పుడు విరుగుడుగా ఎక్కించాల్సిన 20 శాతం లిపిడ్ (కొవ్వు ద్రవం) సీసా చేతికందేలా ఉండాలి. రాత్రి రెండు గంటలకు ఏదైనా తేడా వస్తే ఫోను వచ్చేది తమకేనని వాళ్లంటారు. నిజమే.

కానీ ఈ భయాలకు జవాబు తూకం మిషన్, మానిటర్, లిపిడ్ సీసా, శిక్షణ. సూదిని ఆపేయడం కాదు. శిక్షణ పొంది, పైన బాధ్యత తీసుకునేవాళ్లు ఉంటే డాక్టర్లు కానివాళ్లు కూడా ఈ బ్లాక్ వేయొచ్చని బ్రిటన్ మత్తు డాక్టర్ల సంఘమే 2013లో చెప్పింది. అక్కడ నర్సులు వేస్తున్నారు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక విభాగంగా 2009లోనే గుర్తించిన దేశంలో ఎంబీబీఎస్ చదివిన డ్యూటీ డాక్టరుకు నేర్పలేమా? మిషన్ లేకపోతే 47 శాతమే అంటున్నారు. ఆ 47ను థియేటర్లోని 82తో కాదు, క్యాజువాలిటీలో ఇప్పుడున్న సున్నాతో పోల్చాలి.

సూది వేశాక అరగంట పేషెంటును కనిపెట్టుకుని ఉండాలి. బీపీ, నాడి, ఆక్సిజన్ కొలుస్తూ, పెదాలు తిమ్మిరెక్కుతున్నాయా, చెవుల్లో హోరు ఉందా అని అడుగుతూ. ఇప్పుడు పేచీ వచ్చి ఆ అరగంట దగ్గర ఆగింది. మానిటర్ పక్కన ఎవరు కూర్చోవాలి, క్యాజువాలిటీ మనిషా, మత్తు విభాగం మనిషా అని.