పేద పిల్లల గురించి స్టాఫ్ రూంలో వినే మాటలు: అపోహలు – వాస్తవాలు

ఉత్తర చెన్నైలో టీచర్‌ని. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అమ్మానాన్నలు ఊరిని ఊడ్చే పారిశుధ్య పనివాళ్లు.

అపోహ: మధ్యాహ్న భోజనం ఉందిగా, ఇంకా ఆకలేంటి?

వాస్తవం: బడిలో అన్నం పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 1920లోనే, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి హయాంలో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో మొదలైంది. చిక్కంతా పొద్దుటి పూటతోనే. అమ్మ తెల్లారకముందే చీపురు పట్టుకుని వెళ్లిపోతే పొయ్యి వెలిగించేదెవరు? 2022 సెప్టెంబర్ 15న మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం ఐదో తరగతి దాకానే. ఆరులోకి వెళ్లినంత మాత్రాన ఆకలి ఆగుతుందా?

మొదటి పీరియడ్‌లో ఎవరైనా తల వాల్చేస్తే, "ఏమైనా తిన్నావా?" అని అందరి ముందూ అడగను. అడిగితే "ఇడ్లీ తిన్నా టీచర్" అనే అంటారు. రిజిస్టర్ తెమ్మని స్టాఫ్ రూంకి పంపిస్తాను. నా బీరువాలో అరటిపళ్లు ఉంటాయని వాళ్లకి తెలుసు. తిని, రిజిస్టర్ తెచ్చిస్తారు. ఆ రిజిస్టర్‌తో నాకు పనేమీ లేదు.

అపోహ: తల్లిదండ్రులకి చదువంటే పట్టదు, మీటింగుకే రారు.

వాస్తవం: పదకొండు గంటలకి రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది. మేం సాయంత్రం ఆరుకి మార్చాం, కుర్చీలు చాల్లేదు.

అపోహ: ప్రభుత్వ బడిలో అన్నీ ఉచితమే.

వాస్తవం: పుస్తకాలు, యూనిఫాం వస్తాయి. "రేపు కలర్ ప్రింటౌట్ తీసుకురండి" అనేది మాత్రం మనమే. నేనూ అన్నాను. ఒక పిల్లాడు మూడు రోజులు బడికే రాలేదు. జ్వరమనుకున్నాను. అప్పట్నుంచి ప్రాజెక్టులన్నీ క్లాసులోనే, పాత పేపర్లతోనే.

అపోహ: టీసీ లేకపోతే చేర్చుకోకూడదు.

వాస్తవం: టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 చూడండి.

అపోహ: రోజూ ఆలస్యంగా వచ్చేవాడు సోమరి.

వాస్తవం: గుడిసెలు ఖాళీ చేయించి ఊరికి దక్షిణ శివార్లలోని పెరుంబాక్కం పంపిన కుటుంబాల్లో కొందరు పిల్లలు పాత బడి వదల్లేక అంత దూరం నుంచీ వస్తారు. బస్సు పాస్ ఉచితమే, ట్రాఫిక్ మాత్రం ఎవరి మాటా వినదు. మా క్లాసులో ఒకడు రెండు బస్సులు మారతాడు. ముందు వాణ్ణి గేటు దగ్గర నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు లెక్కలు రెండో పీరియడ్‌కి జరిపాం.