క్లౌడ్‌లో పెట్టేశాం, ఇక టెన్షన్ లేదు! - అపోహలు, వాస్తవాలు

చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు సర్వర్లు, నెట్‌వర్క్ చూసిపెట్టడం మా పని. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే పెద్ద సంస్థల కంప్యూటర్లు. బట్టల షోరూమైనా, నర్సింగ్ హోమైనా యజమానుల నోట దాదాపు ఇవే మాటలు వింటుంటాం.

అపోహ: క్లౌడ్‌లో పెడితే మన డేటా విదేశాలకు పోతుంది.

వాస్తవం: మీరు ఎంచుకున్న రీజియన్‌లోనే (డేటా సెంటర్లున్న ప్రాంతంలోనే) ఉంటుంది. అమెజాన్ క్లౌడ్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్లున్నాయి. ఖాతా తెరిచిన రోజే రీజియన్ సరిచూసుకుంటే చాలు. కంపెనీగా రిజిస్టరైతే ఇంకో సంగతి: కంప్యూటర్లో రాసే ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ భారత్‌లోని సర్వర్‌లో పడాలని నిబంధన ఉంది.

అపోహ: క్లౌడ్‌లో ఉందంటే బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చే నమ్మకం ఇదే. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి కాలి బూడిదైంది. వేరే ఊళ్లో కాపీ ఉన్నవాళ్లు తేరుకున్నారు. లేనివాళ్లలో చాలామంది డేటా తిరిగి రాలేదు.

అంత పెద్ద ప్రమాదమే జరగక్కర్లేదు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్‌తో సింక్ అయ్యే (ప్రతి మార్పూ దానంతట అదే క్లౌడ్‌కు చేరే) ఫోల్డర్‌ను చాలామంది బ్యాకప్ అనుకుంటారు. ఆఫీసు కంప్యూటర్లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) దూరి ఫైళ్లను పాడుచేస్తే, ఆ పాడైన ఫైళ్లే క్లౌడ్‌లోకీ ఎక్కుతాయి. పొరపాటున తీసేసిన ఫైలు గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. ఏడాది చివర ఆడిటర్ అడిగినప్పుడు వెతికితే ఏం దొరుకుతుంది? అందుకే కనీసం ఒక కాపీ వేరే ఖాతాలో, రోజువారీ పాస్‌వర్డ్‌తో తెరుచుకోని చోట ఉండాలి. ఒక్కసారి కూడా రిస్టోర్ చేసి (ఫైళ్లను తిరిగి తెచ్చి) చూడని బ్యాకప్‌ను నేనైతే లెక్కలో వేసుకోను.

అపోహ: సొంత సర్వర్ కన్నా క్లౌడ్ ఎప్పుడూ చౌకే.

వాస్తవం: పనిని బట్టి. దసరా, సంక్రాంతి రోజుల్లో ఆన్‌లైన్ ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగి తర్వాత తగ్గే షాపుకు క్లౌడ్ బాగా కలిసొస్తుంది. ఏడాదంతా ఒకే లోడుతో నడిచే సర్వర్‌కైతే కొన్నేళ్ల క్లౌడ్ అద్దె సొంతంగా కొన్న ధరను దాటిపోవచ్చు. లెక్క వేసేటప్పుడు యూపీఎస్ బ్యాటరీలు, ఏసీ కరెంటు కూడా కలపండి, అవి ఎవరూ కలపరు. ఇంకోటి, క్లౌడ్‌లో తీసుకున్న మెషీన్ ఆపేసినా దాని డిస్క్‌కు బిల్లు పడుతూనే ఉంటుంది. బడ్జెట్ అలర్ట్ (బిల్లు హద్దు దాటితే వచ్చే హెచ్చరిక) మొదటి రోజే పెట్టించండి.

అపోహ: ఐటీ పని బయటివాళ్లకు ఇచ్చేశాం, బాధ్యత వాళ్లదే.

వాస్తవం: నిపుణుణ్ని జీతానికి పెట్టుకోలేని సంస్థకు బయటి టీమ్ మంచి దారే. అప్‌డేట్లు సమయానికి పడతాయి, ఒకరు సెలవు పెడితే ఇంకొకరు చూస్తారు. కానీ పని ఎవరికి అప్పగించినా కస్టమర్ల డేటాకు జవాబుదారీ మీరేనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. ఆ కబురు ఎవరు పంపాలో ఒప్పందంలోనే రాయించుకోండి. ‘4 గంటల్లో స్పందన’ అని రాస్తారు, అది ఫోన్ ఎత్తడమా, సమస్య తీర్చడమా అని అడగండి. 99.9 శాతం అప్‌టైమ్ (సర్వర్ ఆగకుండా నడిచే సమయం) అన్నా నెలకు 43 నిమిషాలు ఆగొచ్చని అర్థం.

డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) మీ సంస్థ పేరునే ఉండాలి, క్లౌడ్ ప్రధాన ఖాతా మీ మెయిల్‌తోనే తెరవాలి, దాని ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. బయటి టీమ్ వీటికి ఒప్పుకోకపోతే ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టకండి.