దువ్వెన చూసి భయపడకు బిడ్డా

హనుమకొండ

నా బంగారు తల్లికి, చిన్నోడికి,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్లో రెండు సంగతులు చెప్పింది. తల దువ్వుకుంటే గుప్పెడు గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయని, ఈసారి బతుకమ్మకి హనుమకొండ రానంటూ పెద్దది గదిలో కూర్చుని ఏడుస్తోందట. చిన్నోడి క్లాసులో ఒక బాబు ఏడు నెలల తర్వాత టోపీ పెట్టుకుని బడికొస్తే ఎవరో ఆ టోపీ లాగేశారట, అందరితో పాటు మనవాడూ నవ్వాడట. ఫోన్లో చెప్తే సగం వింటారు, సగం వదిలేస్తారు. అందుకే కాగితం మీద రాస్తున్నా. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

ముందు నీ సంగతి, తల్లీ.

జూలైలో నీకు డెంగీ వచ్చింది. ఆరు రోజులు ఒళ్ళు కాలిపోయింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయని మీ అమ్మానాన్నలు రాత్రుళ్ళు నిద్రపోలేదు. తర్వాత తగ్గింది, బడికి పోయావు, ఆ జ్వరం సంగతి అందరం మర్చిపోయాం. నీ తల మాత్రం మర్చిపోలేదు.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అన్నీ ఒకేసారి పెరగవు. నూటికి 85 నుంచి 90 పెరుగుతూ ఉంటే, మిగిలినవాటిలో చాలావరకు పెరగడం ఆపి ఊరికే కూర్చుంటాయి. అలా రెండు మూడు నెలలు కూర్చున్నాక ఊడిపోతాయి, వాటి చోట కొత్తవి మొలుస్తాయి. అందుకే ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా రోజుకి 50 నుంచి 100 దాకా రాలుతూనే ఉంటాయి. గట్టి జ్వరం వచ్చినప్పుడు ఏమవుతుందంటే, శరీరం తన బలమంతా ప్రాణం నిలబెట్టుకోవడానికి మళ్ళించుకుంటుంది. ఇంట్లో మనిషి ఆస్పత్రిలో ఉంటే గోడలకి సున్నం ఎవరు వేయిస్తారు? అలాగే వెంట్రుకల పని ఆగిపోతుంది. పెరుగుతున్నవాటిలో చాలా భాగం ఒక్కసారిగా ఆగి కూర్చుంటాయి. ఒకేసారి ఆగినవి కాబట్టి, రెండు మూడు నెలల తర్వాత ఒకేసారి రాలతాయి.

అంటే ఇప్పుడు నీ దువ్వెనలో వస్తున్నవి జూలైలోనే ఆగిపోయిన వెంట్రుకలు. నువ్వు వాడిన షాంపూ వల్ల కాదు, నీళ్ళ వల్ల కాదు, ఎవరి దిష్టీ కాదు. టైఫాయిడ్ తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత, కాన్పు తర్వాత కూడా ఇట్లాగే జరుగుతుంది. కరోనా తగ్గిన రెండు మూడు నెలలకి మా కాలనీలో చాలామంది ఇదే గోల పెట్టారు. నువ్వు పుట్టిన నాలుగో నెలలో మీ అమ్మకీ ఊడింది. అప్పుడు అది కూడా నీలాగే అద్దం ముందు ఏడ్చింది, అడుగు కావాలంటే.

ఈ రాలడం మామూలుగా 3 నుంచి 6 నెలల్లో తగ్గిపోతుంది. కుదుళ్ళు చచ్చిపోలేదు, కాబట్టి మళ్ళీ మొలుస్తాయి. నుదురు దగ్గర అద్దంలో దగ్గరగా చూసుకుంటూ ఉండు, కొన్నాళ్ళకి పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తాయి. అయితే నీకు అబద్ధం చెప్పను. వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు, అంతకంటే కొంచెం ఎక్కువ పెరుగుతుంది. భుజం దాటాలంటేనే రెండేళ్ళకు పైన పడుతుంది. నీ జడ మునుపటి లావుకి రావడానికి టైమ్ పడుతుంది, అందాకా పొట్టిగా కత్తిరించుకుంటే ఒత్తుగా కనిపిస్తుంది. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందని ఎవరైనా అంటే మాత్రం వినకు. కత్తి పైన తగులుతుంది, కుదురు లోపల ఉంటుంది.

తలస్నానం మానేశావట. మానకు. ఊడాల్సిన వెంట్రుక నువ్వు స్నానం చేసినా ఊడుతుంది, చేయకపోయినా ఊడుతుంది. వారం పాటు పోసుకోకపోతే అన్నీ ఒకే రోజు చేతికొచ్చి ఇంకా భయపెడతాయి. సన్నబడాలని అన్నం మానేసేవాళ్ళకి కూడా జుట్టు ఇట్లాగే ఊడుతుంది, కాబట్టి మంచిగ తిను. గుడ్డు, పప్పు, మునగాకు, నువ్వులు. ఫోన్లో చూసి నూనె సీసాలు కొనకు. రాసుకుంటే హాయిగా ఉంటే మన కొబ్బరినూనె రాసుకో, అది రాలడాన్ని ఆపుతుందని మాత్రం అనుకోకు. బయోటిన్ బిళ్లలు కూడా ఎవరినీ అడక్కుండా మింగొద్దు, అవి థైరాయిడ్ లాంటి కొన్ని రక్తపరీక్షల లెక్క తారుమారు చేస్తాయి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, లేదా ఊరికే ఆయాసం, నీరసం ఉంటే అప్పుడు చర్మం డాక్టరు దగ్గరికి పోదాం. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువున్నా తక్కువున్నా జుట్టు ఊడుతుంది. దానికి పరీక్షలున్నాయి, మందులున్నాయి.

ఇంక నువ్వు, చిన్నోడా.

నిన్ను కొట్టాలని లేదు, తిట్టాలనీ లేదు. నవ్వు పక్కవాడి నుంచి అంటుకుంటుంది, నాకు తెలుసు. కానీ ఆ బాబుకి ఏం జరిగిందో తెలిస్తే నీకు ఆ నవ్వు వచ్చేది కాదు.

వాడికి రక్త క్యాన్సర్ అని, హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రిలో చూపిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. క్యాన్సర్ కణాలు ఆగకుండా తొందర తొందరగా రెట్టింపవుతాయి. అందుకని అట్లా తొందరగా పెరిగే కణాలని చంపే మందు ఎక్కిస్తారు. దాన్నే కీమో అంటారు. ఆ మందుకి మంచి చెడ్డ తెలియదు, తొందరగా పెరిగేదాన్నల్లా కొడుతుంది. మన ఒంట్లో వెంట్రుక కుదుళ్ళు, నోటి లోపలి పొర, రక్తం తయారుచేసే మూలుగ కూడా అలా పెరిగేవే. అందుకే మందు మొదలైన రెండు మూడు వారాలకి జుట్టు రాలిపోతుంది, నోట్లో పుండ్లు పడతాయి, అన్నం మింగుడు పడదు. అన్ని కీమో మందులకీ జుట్టు పోదు, కొన్నింటికి మాత్రం తల మీదే కాదు, కనుబొమ్మలూ రెప్పవెంట్రుకలూ పోతాయి. రెప్పవెంట్రుకలు లేకపోతే కళ్ళలో దుమ్ము పడుతుంది. ముక్కులో వెంట్రుకలు పోతే ముక్కు ఊరికే కారుతుంది. వాడి మొహం ఉబ్బినట్టుంటే అది స్టెరాయిడ్ మందు వల్ల, తిని బలిసి కాదు.

ఇంత ఓర్చుకుని వాడు మళ్ళీ బడికొచ్చాడు. పిల్లలకి ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సర్‌కి రెండు మూడేళ్ళు మందు వాడాలి. మొదటి నెలల్లో గట్టి మందులుంటాయి, తర్వాత తేలిక మందులతో ఇంట్లో ఉండి బడికి పోవచ్చు. అప్పుడు జుట్టు కూడా మళ్ళీ మొలుస్తుంది. కొందరికి రింగులు తిరిగి వస్తుంది, రంగు కూడా కొంచెం మారుతుంది.

ఆ జబ్బు నీకు అంటదు. వాడి పక్కన కూర్చున్నా, వాడి పెన్ను తీసుకున్నా ఏమీ కాదు. నీ నుంచే వాడికి ముప్పు. వాడి ఒంట్లో జబ్బులతో పోరాడే శక్తి మందు వల్ల తగ్గి ఉంటుంది. నీకు జలుబు, దగ్గు ఉంటే నువ్వే దూరంగా కూర్చో. క్లాసులో ఎవరికైనా అమ్మవారు పోస్తే ఆ రోజే టీచర్‌కి చెప్పండి, ఆ జ్వరం వాడికి ప్రమాదం.

వాడితో ఏం మాట్లాడాలో తెలియక నవ్వానన్నావట. క్రికెట్ గురించి మాట్లాడు. వాడు బడికి రాని రోజుల నోట్సు ఇవ్వు. "గుండే కదా, మళ్ళీ వస్తుందిలే" అని మాత్రం అనకు. మన దగ్గర గుండు కొత్త కాదు. మీ ఇద్దరి పుట్టెంట్రుకలు వేములవాడ రాజన్న దగ్గరే తీయించాం, మీ తాత తిరుపతిలో మూడుసార్లు తలనీలాలు ఇచ్చాడు. ఆ తిరుపతి జుట్టునే వేలం వేస్తారు, దానితోనే విగ్గులు చేస్తారు. కానీ మొక్కుకుని ఇచ్చినవాడు గంధం పూసుకుని నవ్వుతూ బయటికొస్తాడు. ఆ బాబునెవరూ ఇస్తావా అని అడగలేదు. రెండూ ఒకటి కావు.

మీ ఇద్దరికీ ఇంకో మాట. తల మీద రూపాయి బిళ్లంత నున్నటి మచ్చలు పడి ఊడేదాన్ని మనం పేనుకొరుకుడు అంటాం. ఏ పేనూ కొరకదు. ఒంటిని కాపాడాల్సిన కణాలే వెంట్రుక కుదుర్లని శత్రువులనుకుని మీద పడతాయి. అది అంటదు. మా చిన్నప్పుడు గురివింద గింజ అరగదీసి రుద్దేవాళ్ళు, వెల్లుల్లి రుద్దేవాళ్ళు. గురివింద విషం, పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది. చర్మం డాక్టర్ల దగ్గర ఇప్పుడు మచ్చలోనే చేసే ఇంజక్షన్లున్నాయి, ఎక్కువగా ఊడినవాళ్ళకి బిళ్లలు కూడా వచ్చాయి. పిల్లల తలలో దురద, పొట్టు, విరిగిన వెంట్రుకలు కనిపిస్తే మాత్రం అది వేరే, తామర. అది అంటుతుంది. దువ్వెన, తువ్వాలు వేరు పెట్టుకోవాలి, పైపూత ఒక్కటే చాలదు, కొన్ని వారాలు బిళ్లలు మింగాలి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది రాస్తా. దీనికోసం చిన్నమ్మమ్మని అడిగి, సరేనన్నాకే రాస్తున్నా.

చిన్నమ్మమ్మ ఎడమ చేతి మీద మోచేయి దాకా ఉన్న కాలిన మచ్చ మీరు చాలాసార్లు చూశారు. అడిగినప్పుడల్లా నేను మాట మార్చాను. ఆమెకి పదహారేళ్ళప్పటి నుంచి ఫిట్స్ ఉండేవి. వరంగల్‌లో డాక్టరుకి చూపిస్తే రోజూ వేసుకోమని బిళ్లలు రాశాడు. వేసుకున్నాక ఫిట్స్ ఆగాయి. కానీ కొన్ని నెలలకి జుట్టు ఊడటం మొదలైంది. ఆమెకి మోకాళ్ళ దాకా జడ ఉండేది, పరకాల దగ్గర మా ఊళ్ళో ఆ జడ చూసే ఆమెని గుర్తుపట్టేవాళ్ళు. అప్పుడే పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో వెంట్రుకలు కనిపిస్తే నేనే కసిరేదాన్ని, తల సరిగ్గా చూసుకోవట్లేదని, కుంకుడుకాయ వాడట్లేదని. అక్కనై ఉండి ఒక్కసారి కూడా దగ్గర కూర్చోబెట్టుకుని ఏమైందని అడగలేదు.

ఆమెకి బిళ్లల వల్లే అని అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా మానేసింది. రోజూ బిళ్ల నోట్లో వేసుకున్నట్టు వేసుకుని బావి దగ్గర ఊసేసేదట. ఎనిమిదో రోజు సాయంత్రం జొన్నరొట్టెలు చేస్తూ ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా. పెరట్లో నీళ్ళు తోడుతున్నా. వాసన వచ్చాక లోపలికి పరిగెత్తాను.

రెండు నెలలు ఆస్పత్రిలో ఉంది. ఫిట్స్ బిళ్లల్లో వాల్‌ప్రోయేట్ అనే దానికి కొందరికి జుట్టు ఊడుతుందని, మోతాదు తగ్గించినా మందు మార్చినా చాలామందికి తిరిగి వస్తుందని డాక్టరు అప్పుడు చెప్పాడు. ముందే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి ఆమె సిగ్గుపడింది, అడగనివ్వకుండా నేను కసిరాను. తర్వాత మందు మార్చారు, ఏడాదిలో జుట్టు వచ్చింది. చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాపలేదు.

కీళ్ళవాతానికి వాడే మందుల్లో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవాటిలో, మొటిమలకి ఇచ్చే కొన్ని బిళ్లల్లో, బీపీ మందుల్లో కొన్నింటికి కూడా జుట్టు పలచబడొచ్చు. రేపు మీకో, మీ స్నేహితులకో ఏ మందైనా రాస్తే, దానివల్ల జుట్టు ఊడితే, మందు మానకండి. చీటీ పట్టుకుని రాసిన డాక్టరు దగ్గరికే పోయి ఇట్లా ఊడుతోందని చెప్పండి. జుట్టు గురించి అడగడం చిన్న విషయం కాదు, సోకు కోసం అడగడమూ కాదు. ఇంట్లో ఎవరైనా కసిరితే నాకు ఫోన్ చేయండి, నేను తోడు వస్తా.

పోయిన ఏడాది మా వీధిలో రొమ్ము క్యాన్సర్‌కి మందు నడుస్తున్న ఒకామె సద్దుల బతుకమ్మ రోజు తలుపేసుకుని కూర్చుంది. జుట్టు లేని ఆడమనిషి ఎదురైతే మంచిది కాదన్న పాడు మాట ఎవరో అన్నారట. మేం పది మందిమి బతుకమ్మల్ని ఆమె వాకిట్లోనే పెట్టి ఆడాం. రెండో పాటకి తలకి నూలు గుడ్డ కట్టుకుని బయటికొచ్చింది. ఆ తర్వాత మాతోపాటు పద్మాక్షమ్మ గుట్ట దాకా నడిచింది.

ఎంగిలిపూల బతుకమ్మకి ఇంకా పది రోజులుంది, తల్లీ. జడ వద్దనుకుంటే వదులుగా ముడి వేసుకో, గట్టిగా లాగి కట్టకు. తంగేడు పూలు నేను తెప్పిస్తా, గునుగు మీ తాత తెస్తాడు. చిన్నోడా, ఆ బాబు దగ్గరికి పోయి ఏమన్నావో, వాడేమన్నాడో వచ్చేటప్పుడు నాకు చెప్పాలి.

చిన్నమ్మమ్మ కూడా వస్తోంది. చేతి మీద మచ్చ గురించి ఇంక నన్ను అడగకండి, ఆమెనే అడగండి. తనే చెప్తానంది.

మీ అమ్మమ్మ