మా పాప పుస్తకం దగ్గర కూర్చోదండీ

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. మాటలు ఆలస్యమవుతున్నాయని భయపడి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులతోనే నా రోజంతా గడుస్తుంది. ఇంట్లో రోజూ బొమ్మల పుస్తకం చదువుతారా అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "ప్రయత్నించామండీ, కూర్చోదు. రెండు పేజీలు కాకముందే లాక్కుని పారిపోతుంది. తనకి పుస్తకాలంటే ఇష్టం లేదు." పాప వయసెంత అంటే ఏడాది, ఏడాదిన్నర. గత వారంలోనే ఈ మాట మూడు కుటుంబాల నోట విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కదలకుండా కూర్చుని వినకపోతే ఇష్టం లేనట్టే.

ఈ ఒక్క నమ్మకం వల్ల పిల్లలు నష్టపోయినంతగా ఇంకే అపోహ వల్లా నష్టపోవడం నేను చూడలేదు. ఎందుకంటే ఇలా అనుకున్నవాళ్లు పుస్తకాన్ని అటక మీద పెట్టేస్తారు. "పెద్దయ్యాక చూద్దాం" అంటారు. మాటలు పుట్టే ఆ ఏడాది, రెండేళ్లు అలా జారిపోతాయి.

ఏడాది పిల్ల ఒకే వస్తువు మీద రెండు మూడు నిమిషాలు మనసు పెడితే అది ఎక్కువే. పుస్తకాన్ని నోట్లో పెట్టుకోవడం, తలకిందులుగా పట్టుకోవడం, నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేయడం, టప్పున మూసి మళ్లీ తెరవడం, ఇవన్నీ ఆ వయసులో చదవడమే. గదిలో తిరుగుతూ, బంతి తన్నుతూ కూడా మీ గొంతు వింటుంది. నచ్చిన బొమ్మ పేరు వినపడితే తిరిగి వస్తుంది, గమనించండి.

చిక్కు పిల్లలతో కాదు, మనం పెట్టుకున్న లెక్కతో. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివితేనే చదివినట్టు అనుకుంటాం. ఒకసారి ఒక నాన్న నా ఎదుటే చదివి చూపించారు. పేజీ తిప్పబోతున్న బాబు చేతిని మెల్లగా పక్కకు నెడుతూ, అచ్చులో ఉన్న ప్రతి మాటా చదివారు. ఎంతో ప్రేమగా, ఓపికగానే చదివారు. బాబు మాత్రం మూలనున్న చిన్న కుక్కను వేలితో మూడుసార్లు చూపించాడు. ఆయన చూడలేదు. ఆయన కళ్లు అక్షరాల మీద ఉన్నాయి, బాబు కళ్లు బొమ్మ మీద ఉన్నాయి. ఇంకా చదవడం రాని పిల్లలు పుస్తకంలో అక్షరాల వంక దాదాపు చూడనే చూడరు.

ఆయనకు చెప్పింది ఇంతే: ఆ వేలు ఎటు పోతే మీరూ అటు వెళ్లండి. కుక్కను చూపిస్తే "కుక్క!" అనండి. తర్వాత ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. ఈ ఆగడమే అందరికీ కష్టం. బాబు "బౌ" అంటే "అవును, కుక్క పరుగెడుతోంది" అని వాడి మాటకు ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి ఇవ్వండి. కథ పూర్తికాకపోయినా నష్టం లేదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం రెండేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులను రెండు గుంపులు చేసింది. రెండు గుంపుల వాళ్లూ ఇంట్లో పుస్తకాలు చదివారు. ఒక గుంపుకి మాత్రం ప్రశ్న అడిగి, పిల్లల మాటను పొడిగిస్తూ చదవడం నేర్పారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాట్లాడటంలో స్పష్టంగా ముందున్నారు.

ప్రశ్న అంటే "ఇదేంటి? ఇదేంటి? చెప్పు!" అని పరీక్ష పెట్టడం కాదు. అలా చేస్తే ఏ పిల్లలైనా పారిపోతారు. పది మాటలు మీరు చెప్పండి, ఒకటి అడగండి.

మా అబ్బాయి ఏడాదిన్నరప్పుడు ఒక పుస్తకంలో వాన పేజీ దగ్గరే ఆగిపోయేవాడు. వేలితో చినుకుల్ని పొడుస్తూ "తప్ తప్" అనేవాడు. పేజీ తిప్పితే ఏడుపు. దాదాపు నెల రోజులు మేము చదివింది ఆ ఒక్క పేజీయే. ఒక సాయంత్రం బయట వాన మొదలైంది. వాడు లోపలికి పరుగెత్తి, ఆ పుస్తకం తెచ్చి, ఆ పేజీ వెతికి తీసి నా ఒళ్లో పెట్టాడు. కిటికీ వైపు చూపిస్తూ "తప్ తప్" అన్నాడు. కాగితం మీది బొమ్మకీ బయటి ప్రపంచానికీ సంబంధం ఉందని వాడికి తెలిసిపోయింది.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"పసిబిడ్డకి ఏం అర్థమవుతుంది?" కథ అర్థం కాదు, నిజమే. మీ గొంతు, ఒళ్లో వెచ్చదనం అందుతాయి. పుట్టినప్పటి నుంచే చదివి వినిపించమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే చెప్పింది.

"రోజూ అదే పుస్తకం కావాలంటుంది." చదవండి. 2011లో జెస్సికా హార్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం మూడేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో, వేర్వేరు కథలు విన్నవాళ్లకంటే అవే కథలు మళ్లీ మళ్లీ విన్నవాళ్లే కొత్త మాటలు బాగా నేర్చుకున్నారు.

"రెండు భాషల్లో చదివితే తికమకపడి మాటలు ఆగిపోతాయి." ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ఇక వదిలేయండి. ఆగిపోవు. మీ నోటికి హాయిగా వచ్చే భాషలో చదవండి. అక్షరాలు రాని అమ్మమ్మ కూడా బొమ్మలు చూసి చెప్పొచ్చు.

"ఫోన్‌లో కథలు పెడుతున్నాం కదా." ఫోన్ మీ పాప వేలు చూడదు, జవాబు కోసం ఆగదు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

చింపేస్తుందన్న టెన్షన్ ఉంటే మందపాటి అట్ట పుస్తకాలు ఇవ్వండి.

ఇది చదువుతూ "మా బాబుకి మూడేళ్లు నిండాయి, నేనే తప్పు చేశానా" అని కుమిలిపోయే అమ్మానాన్నలు ఉంటారని తెలుసు. మాటలు ఆలస్యం కావడానికి చాలా కారణాలుంటాయి. మీరు పుస్తకం చదవకపోవడం వల్లే ఇలా అయిందని ఎవరైనా అంటే నమ్మకండి. అలాగే, పుస్తకం చదివితే చాలు, అన్నీ సర్దుకుంటాయని కూడా ఆగిపోవద్దు. ఏడాదిన్నరకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకి రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరక్కపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. అపాయింట్‌మెంట్ దొరికే లోపు రాత్రి పడుకునే ముందు ఒక్క పేజీతో మొదలుపెట్టండి. ఏ పేజీ అన్నది పాపనే ఎంచుకోనివ్వండి.